నేను ఎల్‌ఈడీలు ఎందుకు పీకేశాను

మూడేళ్ల క్రితం, సార్వా (ఖరీఫ్ వరి) కోతల రోజులు. రాత్రి ఎనిమిదిన్నరకి దిండి వైపు నుంచి వచ్చి చించినాడ వంతెన దిగుతుండగా మా కారు కుడి హెడ్‌లైటు పోయింది. పోయిన సంగతి నాకు వెంటనే తెలియలేదు. రోడ్డు కాస్త మసగ్గా ఉందనిపించి ముందు కళ్లజోడు తుడుచుకున్నాను, తర్వాత అద్దం మీద వైపర్లు తిప్పాను. ఎదురుగా వస్తున్న ఆటో సరాసరి నా మీదకొచ్చి, ఆఖరి క్షణంలో పక్కకి కోసుకుని, నన్ను నాలుగు తిట్టి పోయాక గానీ తెలియలేదు.

ఆ ఆటో అతని తప్పేం లేదు. వెలుగుతున్నది నా ఎడమ లైటు, అంటే రోడ్డు అంచు వైపుది. అతని లెక్కలో నేను రోడ్డు వారగా పోతున్న మోటారు సైకిల్ని. ఆ బైకుకి కుడిపక్కన ఇంకో నాలుగడుగుల కారు ఉందని అతనికి ఎలా తెలుస్తుంది? ఎడమది పోయి కుడిది వెలుగుతుంటే ఇంత ప్రమాదం ఉండదు. ఒంటికన్ను బండ్లలోనూ మంచివీ చెడ్డవీ ఉంటాయని ఆ రాత్రి నేర్చుకున్నాను. పాలకొల్లు వైపు పోతున్న కొబ్బరికాయల లారీ ఒకటి దొరికితే, దాని వెనకాలే మెల్లగా ఇంటికి చేరాను.

మర్నాడు షాపుకి వెళ్లాను. మాది పాత చిన్నకారు, దానికి పడేది హెచ్4 బల్బు. మామూలు హాలోజెన్ బల్బులు జత 460 రూపాయలు. కౌంటర్లో కుర్రాడు అవి పక్కకి తోసి, నిగనిగలాడే పెట్టె ఒకటి ముందు పెట్టాడు. "ఇంకా ఈ పసుపు లైట్లేంటి సార్? ఎల్‌ఈడీ వేయించేయండి. రాత్రి పగలైపోద్దండి." జత 3,200. నిన్న రాత్రి గుండెదడ ఇంకా తగ్గలేదు కాబట్టి నేను బేరం కూడా ఆడలేదు.

ఎల్‌ఈడీ వేయించుకునే వాళ్లని నేను వెక్కిరించబోవడం లేదు. మా రోడ్లు తెలిసినవాడెవడూ వెక్కిరించడు. పాలకొల్లు నుంచి మా ఊరికి కాలువ గట్టు మీదుగా రావాలి. ఒక పక్క పంటకాలువ, ఇంకో పక్క ఒకప్పుడు చేలు, ఇప్పుడు రొయ్యల చెరువులు. మధ్యలో రెండు కార్లు తప్పుకోవాలంటే ఒకటి ఆగాల్సినంత రోడ్డు. పక్కన రెయిలింగు ఉండదు, అంచున తెల్లగీత ఉండదు. సార్వా కోతలైతే సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, పైన బరకాలు కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. నల్లటి తారు మీద నల్లటి బరకం, దాని అంచున నల్లరాయి. వెనక లైటు లేని ట్రాక్టరు తొట్టి, రోడ్డంతా నీళ్లు కార్చుకుంటూ పోయే రొయ్యల వ్యాను, చెరువు కాపలాకి సైకిలు మీద పోయే మనిషి, సరిగ్గా మలుపులో పడుకున్న గేదె. వీటన్నిటి మధ్యా ఇంకొంచెం వెలుతురు కావాలనుకోవడం ఆశ కాదు, అవసరం.

వేయించుకున్న మొదటి వారం నా ఆనందానికి హద్దు లేదు. రోడ్డు తెల్లగా పాలు పోసినట్టు కనబడేది. గట్టు మీద తుమ్మచెట్ల చిటారుకొమ్మలు కూడా కనబడేవి. చెట్ల కొమ్మలు ఎందుకు కనబడుతున్నాయి అని అప్పుడే ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు.

సంక్రాంతి వచ్చింది. భోగి ముందురోజు రాత్రి మా పిన్నిగారి వాళ్లు రైల్లో దిగుతున్నారంటే, మా బావమరిది కారు తీసుకుని పాలకొల్లు స్టేషనుకి వెళ్లాడు. ఇంట్లో గ్యాస్ అయిపోతే నేను పక్కింటి వాళ్ల టీవీఎస్ తీసుకుని సిలిండరు కోసం బయల్దేరాను. లాకులు దాటి గట్టెక్కాను. ఎదురుగా ఒక కారు.

అది కారని తర్వాత తెలిసింది. అప్పటికి కనబడింది తెల్లటి తెర ఒక్కటే. టీవీఎస్ లైటు వెలుతురు నేల మీద ఎక్కడ పడుతోందో కూడా కనబడటం లేదు. కాలువ ఎటు ఉందో, చెరువు ఎటు ఉందో తెలియలేదు. బండి ఆపి ఎడమ కాలు దింపాను. అక్కడ నేల లేదు. మోకాలి దాకా గట్టు జారుడు మట్టిలోకి దిగింది, ఖాళీ సిలిండరు బండి మీంచి దొర్లి ఎక్కడో ఠంగుమంది. నా నోట్లోంచి వచ్చిన మాట ఇక్కడ రాయలేను. ఆ కారు నన్ను దాటి పోయాక వెనక్కి తిరిగి చూస్తే, ఎడమ టెయిల్ ల్యాంపుకి ఎర్ర టేపు అతికించి ఉంది. ఆ టేపు అతికించింది నేనే. మూడు నెలల క్రితం, మా వాకిట్లో.

ఇంటికొచ్చాక బావమరిదిని అడిగాను, డిమ్ కొట్టలేదేంట్రా అని. "డిమ్‌లోనే ఉంది బావా, బ్రైట్ వెయ్యనే లేదు" అన్నాడు. నేను నమ్మలేదు. వాకిట్లోకి తీసుకెళ్లి స్విచ్ చూపించాడు. డిమ్‌లోనే ఉంది.

పండగ వెళ్లాక ఒక రాత్రి మా ఊరి రైస్ మిల్లు గోడ ముందు కారు పెట్టాను. పెద్ద తెల్లసున్నపు గోడ, ముందు చదునైన కళ్లం. ఎడమ వైపు ఎల్‌ఈడీ ఉంచి, కుడి వైపు మామూలు హాలోజెన్ బల్బు పెట్టాను. డిమ్ వేసి, ఒక్కొక్క లైటుకీ గోనెసంచి అడ్డం పెట్టి చూశాను. హాలోజెన్ వైపు, గోడ మీద కత్తితో కోసినట్టు అడ్డగీత. గీత కింద వెలుతురు, గీత పైన చీకటి. ఆ గీత తిన్నగా వచ్చి, మధ్యనుంచి ఎడమ పక్కకి కాస్త పైకి లేస్తోంది. మనం రోడ్డుకి ఎడమన పోతాం కాబట్టి, ఎడమ వారన నడిచే మనిషీ రాళ్లూ దూరం నుంచే కనబడాలని కంపెనీ వాడు చేసిన ఏర్పాటది. ఎదురొచ్చేవాడి కళ్లుండే కుడి పక్కన మాత్రం గీత పైకి లేవదు.

ఎల్‌ఈడీ వైపు గీత ఉందంటే ఉంది. దాని పైన గోడంతా, మిల్లు రేకుల కప్పు దాకా, తెల్లటి మరకలు. గీత కింద కూడా అంతే: బండికి దగ్గరగా ఒకచోట మడుగు కట్టినట్టు వెలుతురు, దాని పక్కన చీకటి గుంట.

ఎందుకలా అంటే, హెచ్4 బల్బుని చేతిలోకి తీసుకుని చూడాలి. అందులో ఫిలమెంట్లు, అంటే వెలిగే తీగలు, రెండు: ఒకటి డిమ్‌కి 55 వాట్లు, ఒకటి బ్రైట్‌కి 60 వాట్లు. డిమ్ ఫిలమెంటు కింద చెంచా గుంటలాంటి చిన్న రేకు దొప్ప ఉంటుంది. ఆ దొప్ప కింది వైపు వెలుతురుని ఆపేస్తుంది. వెలుతురు డూమ్ (హెడ్‌లైటు డబ్బా) లోపల అద్దంలా మెరిసే గిన్నె, అదే రిఫ్లెక్టరు, దాని పైసగానికి మాత్రమే తగిలి, అక్కడినుంచి నేల వైపు వంగి పోతుంది. గోడ మీది గీత ఆ దొప్ప అంచు నీడే. ఎడమ పక్క పైకి లేచేది కూడా దొప్ప అంచుని ఒక పక్క కాస్త కిందికి కోసినందువల్లే. అంటే హెడ్‌లైటులో వెలిగేది బల్బయినా, పని చేసేది రిఫ్లెక్టరు. బియ్యపుగింజంత ఫిలమెంటు ఫలానా చోటే ఉంటుందని నమ్ముకుని, దాని ప్రకారం ఆ గిన్నె ఒంపుల్ని పోతపోశారు. వెలుతురు పుట్టే చోటు ఒక్క మిల్లీమీటరు జరిగితే ఆ లెక్క తప్పుతుంది.

ఎల్‌ఈడీ బల్బులో తీగ ఉండదు. పలచటి బద్దకి రెండు పక్కలా చిన్న చిప్పులు అతికించి ఉంటాయి. తీగ చుట్టూరా వెలుగుతుంది, చిప్పు తన ముఖం ఎటుంటే అటే వెలుగుతుంది. పైగా బద్దకి మందం ఉంటుంది కాబట్టి చిప్పులు నడిమధ్యన ఉండవు. బిగించేటప్పుడు చిప్పులు సరిగ్గా కుడి ఎడమలకి చూసేలా తిప్పకపోతే ఇంకా ఘోరం, నాది అలాగే కొంచెం వంకరగా పెట్టారు. తిన్నగా తిప్పి మళ్లీ చూశాను. మరకలు తగ్గాయి, పోలేదు.

ఇక పెట్టె మీద రాసిన 20,000 ల్యూమెన్ల సంగతి. ల్యూమెన్ అంటే వెలుతురుకి కొలత. మామూలు హెచ్4 బల్బు డిమ్‌లో ఇచ్చేది సుమారు 1,000 ల్యూమెన్లు, బ్రైట్‌లో 1,650. మంచి ఎల్‌ఈడీ ఒక వాట్‌కి 100 నుంచి 150 ల్యూమెన్లు ఇస్తుందనుకున్నా, 20,000 కావాలంటే 130 వాట్ల పైన లాగాలి. ఆ వేడికి వెనకున్న బొటనవేలంత ఫ్యాను ఏం చేస్తుంది? అది పెట్టె మీది అంకె, అంతే. ఆ ఫ్యానుకి చోటు చాలక డూమ్ వెనక రబ్బరు మూతకి కన్నం కోశారు కూడా. కన్నం కోస్తే ఏమవుతుందో సార్వా చేల మీదుగా ఒక్కసారి పోతే చాలు. దోమా, నీటి ఆవిరీ డూమ్‌లోకి చేరి కాపురం పెడతాయి.

ఇదంతా చెబితే మావాళ్లు అనేది ఒకటే: "ఎదుటివాడు వేస్తున్నాడు కదా, మనం వెయ్యకపోతే మనకేం కనబడుద్ది?" వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఎదుటి వెలుతురు నా కంట్లో పడుతుంటే నా వెలుతురు పెంచి లాభం లేదు, అది నా కంట్లోంచి పోదు. మహా అయితే అతనికీ కనబడకుండా పోతుంది. గట్టు మీద ఇద్దరు గుడ్డివాళ్లు ఒకళ్లకొకళ్లు ఎదురొస్తారు, ఒకడు మాత్రం కారులో ఉంటాడు. ఇంకోటి కూడా ఉంది. బండికి దగ్గరి నేల మరీ తెల్లగా మెరిస్తే కన్ను ఆ వెలుతురుకే అలవాటు పడుతుంది, దూరాన చీకటి ఇంకా చిక్కనవుతుంది. "పాలు పోసినట్టు" అని నేను మురిసిపోయినదంతా పది గజాల లోపలి రోడ్డే. పెద్ద వయసు వాళ్లకి ఇంకా కష్టం. మెరుపు కంట్లో పడ్డాక వాళ్ల కన్ను తేరుకోవడానికి మనకన్నా ఎక్కువసేపు పడుతుంది. మా నాన్నగారు శుక్లం ఆపరేషన్‌కి ముందు రెండేళ్లు రాత్రిపూట బండి తీయడం మానేశారు. ఒక్కో లైటు చుట్టూ ఒక్కో పెద్ద చక్రం కనబడుతోందనేవారు. మేం అప్పట్లో చాదస్తం అనుకున్నాం.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే మా వైపు దీనికోసం ఎవర్నైనా ఆపడం నేను చూడలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో అదే మాట గట్టిగా చెప్పింది. దానికన్నా నాకు నచ్చింది 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది. లైటు నుంచి 8 మీటర్ల దూరంలో, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు కొట్టకూడదంటుంది. మీటరున్నర ఎత్తంటే ఎవరి కన్ను? సైకిలు తొక్కేవాడిది, గట్టు మీద నడిచిపోయే మనిషిది, ఆ రాత్రి టీవీఎస్ మీద నాది.

పాతకాలం లారీల హెడ్‌లైట్ల మీద నల్లరంగు బొట్టు ఉండేది, గుర్తుందా? కొన్నిటికి పైసగం నల్లగా పూసేవారు. చిన్నప్పుడు దిష్టిచుక్క అనుకునేవాణ్ణి. ఎదుటివాడి కళ్లలోకి పోయే వెలుతురుని ఆపే నాటు ఉపాయం అది. ఆ నల్లరంగు డబ్బా ఖర్చెంతో గానీ, ఇవాళ 3,200 పోసి దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేయించుకుంటున్నాం.

ఎల్‌ఈడీ అంటేనే చెడ్డదని కాదు. కంపెనీ నుంచే ఎల్‌ఈడీతో వచ్చిన కార్లలో రిఫ్లెక్టరూ లెన్సూ ఆ చిప్పుకి తగ్గట్టే తయారవుతాయి, వాటితో నాకు పేచీ లేదు (కొన్ని మరీ ఎత్తుగా ఉంటాయి, అది వేరే గొడవ). పాత డూమ్‌లో పెట్టే ఎల్‌ఈడీ బల్బుకి జర్మనీలో 2020లో మొదటిసారి అనుమతి దొరికింది, ఆస్రామ్ అనే బల్బుల కంపెనీ వాళ్ల హెచ్7 రకానికి. కానీ ఆ అనుమతి అన్ని కార్లకీ కాదు, పరీక్ష చేసి చూసిన ఫలానా మోడళ్ల హెడ్‌లైట్లకి మాత్రమే. బల్బు ఒక్కటే మంచిదైతే చాలదని, ఏ గిన్నెలో కూర్చుంటోందో కూడా చూడాలని అక్కడి వాళ్లూ అన్నట్టేగా.

సరే, పీకేశాను. మరి చీకటి? దాని కోసం మా సెంటర్లో ఉన్న పాత ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆయన బల్బు చూడలేదు. మీటరు తీసి బ్యాటరీ దగ్గర పెట్టాడు: ఇంజన్ నడుస్తుంటే 14.1 ఓల్టులు. బల్బు హోల్డరు దగ్గర పెట్టాడు: 12.3. "దార్లో ఎవరో తినేత్తన్నారండి బాబూ" అన్నాడు. ఎర్తు తీగ బోల్టు విప్పి చూపించాడు, ఆకుపచ్చగా చిలుం. మాది ఉప్పుగాలి, పైగా చుట్టూ చెరువులు, రాగి ఎక్కడున్నా చిలుం పడుతుంది. తీగలు కూడా పన్నెండేళ్ల నాటివి, లైట్ల కరెంటంతా సన్నటి తీగల్లోంచి స్టీరింగు దగ్గర స్విచ్ దాకా వెళ్లి తిరిగి రావాలి.

హాలోజెన్ బల్బుకి ఓల్టేజి పది శాతం తగ్గితే వెలుతురు తగ్గేది పది శాతం కాదు, సుమారు ముప్ఫై శాతం. నేను ఇన్నాళ్లూ బల్బుని తిట్టుకున్నాను, బల్బుకి సగం తిండే పెట్టకుండా. ఆయన ఎర్తు కొత్తది వేసి, రిలే (స్టీరింగు స్విచ్ సైగ చేస్తే లైట్ల కరెంటుని తను వేసే స్విచ్) పెట్టి, లావు తీగలతో బ్యాటరీ నుంచి నేరుగా లైన్ లాగాడు, మధ్యలో ఫ్యూజుతో. 700 రూపాయలు. మళ్లీ మీటరు పెడితే హోల్డరు దగ్గర 13.6. అదే 55 వాట్ల బల్బు ఒక్కసారిగా వయసులోకి వచ్చింది. కొందరు దీనికి బదులు 100/90 వాట్ల బల్బులు వేసేస్తారు. 60 వాట్లకి 5 ఆంపియర్లు లాగే తీగలోంచి 8 ఆంపియర్ల పైన లాగితే హోల్డరు కరిగి కూర్చుంటుంది. మా ఎలక్ట్రీషియన్ దగ్గర అలాంటి కరిగిన హోల్డర్లు డబ్బాడు ఉన్నాయి.

తర్వాత డూమ్ మీది ప్లాస్టిక్. ఎండకి పైపూత పోయి పసుపు పచ్చగా మసకబారింది. టూత్‌పేస్టు రుద్దమంటారు. రుద్దాను, రెండు వారాలు తళతళలాడి మళ్లీ మొదటికొచ్చింది. నీళ్లు పోస్తూ 800 నుంచి 2,000 నంబరు దాకా గరుకు కాగితాలతో వరసగా రుద్ది, పాలిష్ పెట్టి, పైన ఎండని తట్టుకునే క్లియర్ కోటు కొట్టిస్తేనే నిలుస్తుంది. లోపల రిఫ్లెక్టరు మెరుపుపూత లేచిపోయి ఉంటే మాత్రం ఇవన్నీ దండగ, డూమ్ మార్చుకోవాల్సిందే.

బల్బు నేనే మార్చుకున్నాను. బానెట్ ఎత్తి, బల్బు మూడు కాళ్లకి తగిలించి ఉన్న తీగల ప్లగ్గుని, అదే కప్లర్ని, తిన్నగా వెనక్కి లాగితే వస్తుంది, అటూ ఇటూ ఊపితే కాళ్లు వంగుతాయి. రబ్బరు మూత తీస్తే లోపల వైరు క్లిప్పు, దాన్ని నొక్కి పక్కకి తప్పించాలి. చెయ్యి దూరదు, కన్ను అందదు, క్లిప్పు వేలికి గుచ్చుకుంటుంది, బ్యాటరీ పక్కనున్న లైటుకైతే మణికట్టు కూడా గీరుకుంటుంది. కొత్త బల్బు గాజుని వేళ్లతో పట్టుకోకూడదు. వేలి జిడ్డు అంటుకున్న చోట గాజు ఎక్కువ వేడెక్కి తొందరగా పోతుంది. నేను భోజనం చేసి కడుక్కున్న చేతులే కదా అని మొదటిదాన్ని పట్టేసుకున్నాను, తర్వాత స్పిరిట్ దూదితో తుడిచాను. బల్బు పళ్లెం మీది మూడు రెక్కలూ మూడు గాళ్లలో కూర్చోవాలి. వాటి వెడల్పు ఒకేలా ఉండదు కాబట్టి తలకిందులుగా పెట్టలేం. కూర్చున్నప్పుడు చిన్నగా "టక్" అంటుంది. ఒకటి పోయినా రెండూ మార్చడం మంచిది, ఇద్దరిదీ ఒకే వయసు.

మళ్లీ మిల్లు గోడ దగ్గరికి వెళ్లాను. పది మీటర్ల దూరంలో కారు పెట్టి, లైటు మధ్య ఎత్తుని సుద్దముక్కతో గోడ మీద గీశాను. డిమ్ గీత దానికన్నా పది సెంటీమీటర్లు కింద ఉండాలి, నూటికి ఒకటి లెక్క. మాది ఒకటి రేకుల కప్పుని చూస్తోంది, ఒకటి నా కాళ్లని. డూమ్ వెనక మరలు తిప్పి సరిచేయడానికి పావుగంట పట్టింది. డ్యాష్‌బోర్డు మీద 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం దేనికో కూడా అప్పుడే తెలిసింది. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని, డిక్కీలో బియ్యం బస్తా వేస్తే కారు ముక్కు పైకెత్తుతుంది, లైటూ ఎత్తుతుంది. చక్రాన్ని 2కో 3కో తిప్పితే దిగుతుంది. పన్నెండేళ్లుగా అది ఏసీకి సంబంధించినదనుకున్నాను.

ధనుర్మాసం పొగమంచులో పసుపు లైటే నయమని అందరూ అంటారు. మంచుని పసుపు చీల్చుకుపోతుందనేది నేను నమ్మను. మంచు బిందువులు రంగు చూసి దారి ఇవ్వవు. పైకి పోయే వెలుతురు ఎంత తక్కువుంటే కళ్ల ముందు తెల్లగోడ అంత పలచగా ఉంటుంది. డిమ్ గీత శుభ్రంగా ఉంటే గట్టు అంచు కనబడుతుంది, అది చాలు నాకు.

ఇప్పుడు నా కారు రాత్రిని పగలు చెయ్యదు. తుమ్మచెట్ల కొమ్మలు కనబడటం లేదు. బరకం చుట్టూ పెట్టిన రాళ్లు మాత్రం ముందుకన్నా దూరం నుంచే కనబడుతున్నాయి. ఎదురొచ్చేవాళ్లు నాకు డిప్పర్ కొట్టడం మానేశారు.

ఎల్‌ఈడీల జత పెట్టెతో సహా బీరువా మీద ఉంది. మొన్న మా బావమరిది, "ఖాళీగానే ఉన్నాయిగా బావా, నా కారుకి వేసుకుంటాను, ఇవ్వు" అన్నాడు. ఒకదాని ఫ్యాను కాలిపోయిందిరా అని చెప్పాను. ఫ్యాను బాగానే ఉంది.